పన్నెండు వందల లోపు పది సీసాలు: బెంగళూరులో ఐదు రోజులు

గురువారం

అనంతపురంలో పొద్దున ఎక్కిన రైలు ధర్మవరం, హిందూపురం, గౌరీబిదనూరు దాటి దొడ్డబళ్లాపురం దగ్గరపడేసరికి కిటికీ బయట ఎర్రనేలల మీద అక్కడక్కడ ద్రాక్ష పందిళ్లు కనిపించాయి. మార్చి నెల కావడంతో కొన్ని తోటల్లో కోత నడుస్తోంది. మాది చీనీ తోటల కుటుంబం. కాయ కోసి, ఒక తొన నోట్లో వేసుకుని, పులుపు ఎంత తగ్గింది, తీపి ఎంత ఎక్కింది, ఇంకెన్ని రోజులు చెట్టు మీద ఉంచవచ్చు అని చెప్పడం మా నాన్న దగ్గర నేర్చుకున్న పని. మూడేళ్ల కిందట వైన్ మీద ఆసక్తి పుట్టినప్పుడు ఆ నాలుకే నాకు సాయం చేస్తుందనుకున్నాను గాని, సీసా వెనుక చీటీలు చదివితే బ్లాక్‌కరెంట్, గూస్‌బెర్రీ, సీడర్ కర్ర అని రాసి ఉండేవి. వాటిలో ఒక్కటీ నేను తిన్నది కాదు, వాసన చూసినదీ కాదు. తినని పండుతో పోలిక చెబితే రుచి ఎలా తెలుస్తుంది? అందుకే ఈసారి బెంగళూరులో ఐదు రోజులుండి, సామాన్యుడు కొనగలిగే పది సీసాలు, ఐదు తెల్లవి, ఐదు ఎర్రవి, పేరు చూడకుండా రుచి చూసి, మనకు తెలిసిన రుచుల పేర్లతోనే మార్కులు వేయాలని బయలుదేరాను. సీసా 750 మిల్లీలీటర్లు, ధర పన్నెండు వందల రూపాయలు దాటకూడదు అన్నది మేము పెట్టుకున్న హద్దు.

మెజెస్టిక్‌లో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి కుందలహళ్లిలో దిగితే, మా బామ్మర్ది ఉండే ఏఈసీఎస్ లేఅవుట్ దగ్గరే. ఆ వీధుల్లో నడుస్తుంటే నెల్లూరు మెస్సులు, కర్నూలు టిఫిన్ బండ్లు, ఆవకాయ అమ్మే దుకాణాలు కనిపిస్తాయి. తెలుగు తప్ప మరో మాట మాట్లాడకుండానే రోజు గడిచిపోతుంది. సాయంత్రం బామ్మర్దీ నేనూ సీసాలు కొనడానికి వెళ్లాం. మన వైపు ‘వైన్ షాపు’ అని బోర్డు ఉన్నచోట విస్కీ, బ్రాందీ, బీరు వరుసగా ఉంటాయి, వైన్ అడిగితే అట్టడుగు అరలోంచి దుమ్ము దులిపి ఒక సీసా తీస్తారు. కర్ణాటకలో పరిస్థితి కొంత వేరు. 2007లో ఇక్కడి ప్రభుత్వం ద్రాక్ష శుద్ధికి, వైన్ తయారీకి ప్రత్యేకంగా ఒక విధానం తెచ్చి, వైన్ బోర్డును ఏర్పాటు చేసింది. వైన్ మాత్రమే అమ్మే దుకాణాలకు వేరే అనుమతులు వచ్చింది కూడా ఆ తర్వాతే. మేము వెళ్లిన దుకాణంలో ఒక గోడ నిండా వైనే ఉంది.

దుకాణంలో చూడవలసినవి కొన్ని ఉన్నాయి, వాటిని నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. తెల్ల వైన్ అయితే ద్రాక్ష కోసిన సంవత్సరం ఎంత దగ్గరిదైతే అంత మంచిది. ఈ ధరలో దొరికే తెల్ల వైన్ నిలవ ఉంచడానికి చేసినది కాదు, తాజాగా తాగడానికి చేసినది. పై అరలో, దీపం వేడి నేరుగా తగిలేచోట నిలబెట్టిన సీసాను వదిలేయాలి. కార్క్ ఉన్న సీసా అయితే మెడ దగ్గర వేలితో తడిమి చూడాలి. కార్క్ పైకి పొడుచుకు వచ్చినా, రేకు కింద బంక అంటినట్టున్నా ఆ సీసా ఎక్కడో ఎండలో మగ్గిందని అర్థం. మరమూత ఉన్న సీసాను చవకదని చిన్నచూపు చూడనక్కర్లేదు, తాజాదనం కాపాడటంలో అది కార్క్ కంటే నమ్మకమైనది. విదేశీ సీసాల జోలికి మేము పోలేదు. వాటి మీద ఏళ్ల తరబడి 150 శాతం దిగుమతి సుంకం ఉండటం వల్ల, అక్కడ మామూలు ధరకు అమ్ముడయ్యే వైన్ ఇక్కడ మా హద్దు దాటిపోతుంది. పదీ మన దేశపువే తీసుకున్నాం.

శుక్రవారం

శివాజీనగర్‌లోని రస్సెల్ మార్కెట్‌కు పొద్దున్నే వెళ్లాం. 1927 నాటి ఆ పాత కట్టడంలో పూలు, పండ్లు, కూరగాయలు ఒకే కప్పు కింద దొరుకుతాయి. మా వెంట మేడ మీద ఉండే గుంటూరు పెద్దాయన వచ్చారు. ఆయన ఇరవై ఏళ్లు పెద్ద హోటళ్లలో వైన్ వడ్డించి విశ్రాంతి తీసుకుంటున్నవారు. వైన్ రుచి చూసే ముందు ముక్కుకు పని చెప్పాలని మార్కెట్‌కు తీసుకువచ్చింది ఆయనే.

“వైన్‌లో జామకాయ ఉండదు బాబూ, జామకాయలో ఉన్న వాసన పదార్థమే ఇందులోనూ ఉంటుంది. కాబట్టి ముందు జామకాయను సరిగ్గా వాసన చూడండి” అన్నారు.

దోరజామ, పండిన జామ, పచ్చిమామిడి, దబ్బకాయ, నిమ్మ, అనాస, సీమచింత, పచ్చి క్యాప్సికం, సంపెంగ పూలు, మిరియాలు, లవంగాలు, దాల్చిన చెక్క, వక్కలు అన్నీ కొద్దికొద్దిగా కొన్నాం. మిరియాన్ని నోట్లో వేసుకునే ముందు పంటి కింద చితగ్గొట్టి గాలి పీల్చమని ఆయన చెబితే అలాగే చేశాను. కారం రాకముందే ఒక క్షణం పాటు ఎండుకర్ర, పువ్వు కలిసినట్టుండే వాసన వస్తుంది. ఇన్నేళ్లు మిరియం తింటూ ఆ క్షణాన్ని నేను పట్టించుకోలేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చాక ఆయన మరో పని చేయించారు. టీ పొడి వేసిన నీళ్లను పదిహేను నిమిషాలు మరగనిచ్చి, పాలూ చక్కెరా లేకుండా చల్లార్చి, తలా ఒక గుక్క ఇచ్చారు. నాలుక మీద గరుకుగా, చిగుళ్లు లోపలికి లాగేసినట్టు అనిపించింది. “ఇది చేదు కాదు, వగరు. ఈ తేడా తెలియకపోతే ఎర్ర వైన్‌ను ఎప్పటికీ తూచలేరు” అన్నారు. మన ఇళ్లలో పచ్చి అరటికాయకు, లేత నేరేడుకు, వక్కకు, కరక్కాయకు వగరు అంటాం, ఉగాది పచ్చడిలో మామిడి పిందె వగరును వేపపూవు చేదుతో కలపకుండా వేరుగా చెబుతాం. వైన్‌లో టానిన్ అని పుస్తకాలు చెప్పేది ఇదే. అది లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని గట్టిపరుస్తుంది, నోరు జారుడుతనం పోయి ఎండినట్టు అనిపించడం అందువల్లే. ఆరు రుచుల్లో ఒకటిగా వగరును చిన్నప్పటి నుంచి తెలుసుకున్నవాళ్లకు వైన్‌లో సగం పాఠం ముందే వచ్చినట్టని నాకు ఆ గుక్కతో గట్టిగా అనిపించింది.

సాయంత్రం ఆరింటికి తెల్ల వైన్లు మొదలుపెట్టాం. బామ్మర్ది భార్య, నాకు చెల్లెలి వరస, ఐదు సీసాలకూ తెలుగు దినపత్రిక కాగితాలు చుట్టి, మూతలు తీసి, ఒకటి నుంచి ఐదు వరకు అంకెలు వేసి పెట్టింది. ఆమె మద్యం ముట్టదు. వాసన మాత్రం చూస్తానంది. పేరు కనిపిస్తే నాలుక దానికి లొంగిపోతుందని నిరూపించిన సంఘటనల్లో 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ ఏర్పాటు చేసిన పోటీ అన్నిటికంటే పేరున్నది. ఫ్రాన్స్ న్యాయనిర్ణేతలు సీసాలు చూడకుండా మార్కులు వేస్తే, తెల్లవాటిలో షాటో మాంటలీనా, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్, రెండూ కాలిఫోర్నియావే, మొదటి స్థానాల్లో నిలిచాయి. అప్పుడు వాడిన ఇరవై మార్కుల పద్ధతినే మేమూ తీసుకుని మాకు వీలుగా పంచుకున్నాం: రంగుకు రెండు, వాసనకు ఆరు, నోట్లో రుచికి ఎనిమిది, మింగాక నిలిచే రుచికి నాలుగు.

ఎవరి గ్లాసు వాళ్లదే, ఎంగిలి కలవకుండా చూసుకున్నాం. గ్లాసులో 50 మిల్లీలీటర్లకు మించి పోయలేదు, అందులోనూ చాలా భాగం పక్కన పెట్టుకున్న స్టీలు చెంబులో ఉమ్మేశాం. ఐదు రకాలు మింగితే ఐదోదానికి మార్కులు వేసేది మనిషి కాదు, మత్తు. సీసాలను ఫ్రిజ్‌లోంచి పది నిమిషాల ముందే తీసి ఉంచాం, ఎందుకంటే మరీ చల్లగా ఉంటే వాసన లేవదు. ఎనిమిది నుంచి పన్నెండు డిగ్రీల మధ్య తెల్ల వైన్ బాగా పలుకుతుంది.

మొదటిది గ్లాసులో పోయగానే చెల్లెలు, “అన్నా, ఇది పండుజామ, కొంచెం తేనె” అంది. నోట్లో సన్నని తీపి తగిలి, వెంటనే నిమ్మ పులుపు దాన్ని సర్దింది. వేడిగా వేయించిన మిరపకాయ బజ్జీ తిని మళ్లీ ఒక గుక్క తీసుకుంటే నాలుక మీద మంట తగ్గింది. మిరప కారాన్ని ఆల్కహాల్ రెచ్చగొడుతుంది, కొద్దిపాటి తీపి దాన్ని అణచుతుంది, అందుకే మన వంటలకు పూర్తిగా తీపి లేని వైన్ కంటే ఇలాంటిది సులువుగా కుదురుతుంది. నేను పద్నాలుగు వేశాను.

రెండోది ఈ సాయంత్రానికే వెలుగు తెచ్చింది. మార్కెట్‌లో చూసిన దోరజామ, పచ్చిమామిడి తొక్క, దాని వెనుక కోసిన క్యాప్సికం వాసన వరుసగా వచ్చాయి. క్యాప్సికం ఇచ్చేది పైరజీన్ అనే పదార్థం, సోవిన్యాన్ బ్లాంక్ అనే ద్రాక్షకు అది గుర్తు. పులుపు పదునుగా ఉన్నా కోసినట్టు లేదు. మింగాక రుచి ఎంతసేపు నిలుస్తుందో నేను మనసులో అంకెలు లెక్కపెడతాను. దీనికి తొమ్మిది వరకు లెక్కపెట్టాను. పదహారు మార్కులు.

మూడోదాని రంగే అనుమానం కలిగించింది. మిగతావి గడ్డి రంగులో ఉంటే ఇది ఇత్తడి రంగుకు తిరిగింది. కోసి ఒక గంట బల్ల మీద వదిలేసిన ఆపిల్ ముక్క వాసన. గాలి తగిలి, వేడికి మగ్గి పాడైన వైన్ అది. ఎనిమిది మార్కులు వేయడానికి కూడా చేయి రాలేదు. నాలుగోదానిలో పులుపు తక్కువ, నోట్లో నూనెలా మెత్తగా పరుచుకుంది, వాసన మాత్రం పూలబుట్ట తెరిచినట్టుంది. బామ్మర్ది వెళ్లి సంపెంగ పువ్వు తెచ్చి గ్లాసు పక్కన పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి వాసన చూసి, “బావా, రెండూ ఒకటే!” అన్నాడు. ఒకటే కాదు గాని దగ్గర చుట్టాలు. పద్నాలుగు. ఐదోది శుభ్రంగా ఉంది, తప్పు పట్టడానికి ఏమీ లేదు, మూడు లెక్కపెట్టేలోపు రుచి మాయమైంది. పన్నెండు.

కాగితాలు విప్పితే సీసాల మీద ముందు తయారీ సంస్థ పేరు, తర్వాత ద్రాక్ష రకం పేరు ఉన్నాయి: మొదటిది సులా షెనిన్ బ్లాంక్, రెండోది సులా సోవిన్యాన్ బ్లాంక్, నాలుగోది గ్రోవర్ వియోనియే. షెనిన్‌కు నేను పద్నాలుగే వేసినా, రోజూ ఇంట్లో భోజనంతో తాగడానికి ఏది కొంటావని అడిగితే దాన్నే చూపిస్తాను. ఒంటరిగా గ్లాసులో గొప్పగా ఉన్నదీ, కంచం పక్కన గొప్పగా ఉన్నదీ వేర్వేరు కావచ్చు, మార్కుల కాగితంలో భోజనానికి గడి లేకపోవడం మా తప్పే. ఆదివారానికి ఒక గడి కలిపాం.

శనివారం

నంది కొండల పాదాల దగ్గర, దొడ్డబళ్లాపురం వైపు ఉన్న గ్రోవర్ తోటకు కారులో వెళ్లాం. హెబ్బాళ్ ఫ్లైఓవర్ దాటేసరికే గంట గడిచింది. కన్వల్ గ్రోవర్ 1988లో ఫ్రాన్స్ ద్రాక్ష రకాలతో ఇక్కడ తోట మొదలుపెట్టినప్పుడు దక్షిణాదిలో ఈ పని చేసినవారు దాదాపు లేరు. మొదటి వైన్ 1992లో బయటికి వచ్చింది. ఆ సంస్థ 2012లో నాసిక్ ప్రాంతపు వాలే ద వాన్‌తో కలిసి గ్రోవర్ జంపా అయింది.

తోటవాడిగా నాకు వైన్ గది కంటే మొక్కల వరసలే ఎక్కువ చెప్పాయి. మనం తినే ద్రాక్షను పందిరి మీదికి ఎక్కిస్తాం, గుత్తులు కిందికి వేలాడతాయి. ఇక్కడ తీగలను కట్టిన కంచెలాగా నిలువుగా పెంచుతారు. పండు చిన్నది, గోలీలో సగం ఉంటుంది, తొక్క మందం, లోపల విత్తనాలు. ఒకటి నోట్లో వేసుకుని కొరికాను. ముందు ఊహించనంత తీపి, వెంటనే తొక్క నమిలేకొద్దీ నిన్నటి టీ డికాక్షన్ వగరు. తోట చూపిస్తున్న కుర్రవాడు చేతిలోని, రసంలో చక్కెర శాతం చూపే రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద ఒక చుక్క రసం పిండి నా కంటికి పెట్టాడు. నీలం, తెలుపు కలిసే గీత 23 దగ్గర ఉంది. మా ఇంట్లోనూ చీనీకి ఇదే పరికరం వాడతాం. పందిరి ద్రాక్ష సాధారణంగా 16, 18 దగ్గర కోతకు వస్తుంది. బ్రిక్స్ అని పిలిచే ఈ చక్కెర అంకెలో సగం కంటే కాస్త ఎక్కువ శాతం ఆల్కహాల్ తయారవుతుంది కాబట్టి, 23 ఉంటే దాదాపు పదమూడు శాతం వైన్ వస్తుంది. సీసా మీద 13 అని రాసి ఉంటే ఆ ద్రాక్ష ఎంత పండాక కోశారో ఇలా వెనక్కి లెక్క కట్టవచ్చు.

తీపి ఎక్కడైనా వస్తుంది, అసలు కష్టం పులుపును నిలబెట్టడం. ద్రాక్షలోని మాలిక్ ఆమ్లాన్ని వేడి రాత్రుల్లో మొక్క తన శ్వాసకే ఖర్చు చేసుకుంటుంది. మా అనంతపురంలో రాత్రిళ్లూ నేల సెగ కక్కుతుంది. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న ఈ ప్రాంతంలో రాత్రిపూట చల్లబడుతుంది, పొద్దున తోటలో నిలబడితే ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. ఐరోపాలో చలికాలం మొక్కను నిద్రపుచ్చుతుంది. ఇక్కడ చలి చాలదు, తీగ ఏడాదంతా చిగురు వేస్తూనే ఉంటుంది. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. వేసవి మొదట్లో ఒకసారి కొమ్మ కట్టడానికి, వానాకాలం చివర మరోసారి కాపు కోసం, ఆ రెండో కత్తిరింపు నుంచి వచ్చిన గుత్తులే ఇప్పుడు కోతకు వచ్చినవి.

లోపల స్టీలు ట్యాంకుల మధ్య తెలుపు ఎరుపుల తేడా కళ్లారా చూశాం. తెల్లదానికి ద్రాక్షను ముందే పిండి, తొక్కలు తీసేసి, రసాన్ని మాత్రమే చల్లని ట్యాంకులో పులియబెడతారు. ఎర్రదాన్ని తొక్కలూ విత్తనాలతో కలిపి పులియబెడతారు కాబట్టి రంగూ వగరూ వాటి నుంచే దిగుతాయి. నల్ల ద్రాక్ష రసం కూడా పిండగానే దాదాపు తెల్లగానే ఉంటుందని చూపిస్తే బామ్మర్ది నమ్మలేక మరో పండు పిండి చూశాడు. వైన్‌ను కొంతకాలం నిలవ ఉంచే ఓక్ కర్ర పీపాల గది చల్లగా, మసకగా ఉంది. 225 లీటర్ల పీపాలో సరిగ్గా 300 సీసాల వైన్ పడుతుంది. కొత్త పీపా ఖరీదును ఆ మూడు వందలకు పంచితే మా హద్దులోని సీసా కొత్త ఓక్‌ను ఎందుకు భరించలేదో అర్థమవుతుంది. కాబట్టి చవక సీసాలో వెనీలా, కాల్చిన కర్ర వాసన గట్టిగా కొడితే, అది ఓక్ ముక్కలతో తెచ్చినది కావచ్చునని పెద్దాయన అన్నారు. అది మోసం కాదు, ద్రాక్ష వాసనను మింగేస్తేనే లోపం.

తిరిగి వస్తూ దేవనహళ్లి వైపు రోడ్డు పక్కన బుట్టల్లో నల్ల ద్రాక్ష అమ్ముతుంటే ఆగాం. బెంగళూరు బ్లూ అని పిలిచే ఈ రకానికి 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెండు కిలోలు కొన్నాం, రాత్రికి అవే భోజనం తర్వాత.

ఆదివారం

ఎర్ర వైన్‌ను గది వేడిలోనే తాగాలన్న మాట చల్లని దేశాల గదులకు సంబంధించినది. మార్చి మధ్యాహ్నం మా గది వేడి ముప్పై డిగ్రీలకు దగ్గరగా ఉంది, ఆ వేడిలో ఆల్కహాల్ ఆవిరి ముక్కుకు ముందు తగిలి పండు వాసనను కప్పేస్తుంది. ఐదు సీసాలనూ అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, పదహారు పద్దెనిమిది డిగ్రీల దగ్గర పోశాం.

మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష చేశాం. 2001లో బోర్డోలో ఫ్రెడరిక్ బ్రోషే అనే పరిశోధకుడు తెల్ల వైన్‌కే ఎర్రరంగు కలిపి 54 మంది విద్యార్థులకు ఇస్తే, వాళ్లు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు. కన్ను అంత బలమైనది. కాబట్టి బామ్మర్ది కళ్లకు తువ్వాలు కట్టి, శుక్రవారం మిగిలిన వియోనియేను, ఇవాళ్టి ఎర్ర వైన్‌ను ఒకే చల్లదనంలో చిన్న స్టీలు గ్లాసుల్లో ఇచ్చాం. మొదటి వాసనకు తప్పు చెప్పాడు. నోట్లో పోసుకుని, చిగుళ్ల మీద తిప్పి, “బావా, ఇక్కడ పట్టుకుంటోంది, ఇది ఎర్రది” అని పై పెదవి కింద వేలు పెట్టి చూపించాడు. రంగు చూడని మనిషికి ఎరుపును చెప్పింది వగరే.

ఒకటో సీసా వాసన చూసి చెల్లెలు క్షణం ఆలోచించలేదు. “నిన్న రోడ్డు మీద కొన్న ద్రాక్ష ఇదే కదా!” అంది. తియ్యగా, చిక్కగా, ద్రాక్ష మిఠాయిలా ఉన్న ఆ వాసన బెంగళూరు బ్లూలో అమెరికా జాతి ద్రాక్ష పోలిక నుంచి వస్తుంది, మిథైల్ ఆంథ్రనిలేట్ అనే పదార్థం దానికి కారణం. వైన్ తెలిసినవాళ్లు దీన్ని తక్కువగా చూస్తారు. నాకు అలా తోచలేదు. భోజనం తర్వాత చిన్న గ్లాసులో ఓళిగతో పాటు తీసుకుంటే దాని చోటు దానికి ఉంది. పులుపు తక్కువై తీపి బరువుగా తోచడం వల్ల పదకొండు వేశాను.

రెండోదానిలో ముందు నేరేడు, నాలుక ఊదారంగు అవుతుందేమో అన్నంత స్పష్టమైన నేరేడు. ఆ వెంట శుక్రవారం పంటి కింద చితగ్గొట్టిన మిరియం. పెద్దాయన నా ముఖం చూసి నవ్వారు. షిరాజ్ అనే ద్రాక్షలోనూ నల్ల మిరియంలోనూ ఉన్నది ఒకే పదార్థమనీ, దాని పేరు రోటుండోన్ అనీ, ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో దాన్ని గుర్తించారనీ చెప్పారు. పదిహేను.

మూడోదానికి పొడవైన కార్క్, బరువైన సీసా, పదింటిలోనూ ఎక్కువ ధర. గ్లాసు దగ్గరికి తీసుకున్న చెల్లెలు వెనక్కి జరిగి, “అన్నా, ఇల్లు మారినప్పుడు వానలో తడిసిన అట్టపెట్టెల వాసన” అంది. నేను చూస్తే నాకు పండు వాసన అందలేదంతే, తప్పు ఏమిటో చెప్పలేకపోయాను. ఆమె చెప్పాక మాత్రం ఆ తడి అట్ట తప్ప ఇంకేమీ రాలేదు. కార్క్‌లో పుట్టే ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం లక్ష కోట్లలో కొన్ని వంతులున్నా చాలు, వైన్‌ను ఇలా చంపేస్తుంది. అది తయారుచేసినవారి చేతకానితనం కాదు, ఆ ఒక్క సీసాకు పట్టిన తెగులు. మార్కులు వేయకుండా పక్కన పెట్టాం. పన్నెండు వందలు పోయాయన్న బాధ ఉంది, మద్యం ముట్టని మనిషి ముక్కు అందరికంటే ముందు పట్టుకుందన్న సంతోషం అంతకంటే ఎక్కువగా ఉంది.

నాలుగోదానికి సరైన పోలిక కోసం చాలాసేపు వెతికాను. ఎర్రపండు, పుల్లగా, కాస్త మట్టి వాసనతో, చివర సన్నని వగరుతో. వాక్కాయ! వర్షాకాలంలో పప్పులో వేసే పండిన వాక్కాయ. పన్నెండు వరకు లెక్కపెట్టినా రుచి నిలిచింది. పదహారు. ఐదోదానిలో పచ్చి క్యాప్సికం ముందుకు వచ్చింది, వగరు చిగుళ్లను గట్టిగా బిగించింది, పండు ఎక్కడో అడుగున ఉండిపోయింది. పదమూడు.

కాగితాలు విప్పితే రెండోది బిగ్ బన్యన్ షిరాజ్, నాలుగోది ఫ్రటెల్లి సాంజోవేజే, ఐదోది గ్రోవర్ కాబర్నే షిరాజ్. సాంజోవేజే ఇటలీ ద్రాక్ష, ఫ్రటెల్లివారు సోలాపూర్ జిల్లా అక్లూజ్ దగ్గర పండిస్తారు.

తర్వాత భోజనం. రాగి సంగటి, నాటుకోడి పులుసు, గుత్తి వంకాయ, పెరుగు. ఐదోది ఒంటరిగా ఉన్నప్పుడు చిగుళ్లను పీడించిన వగరు, కోడి ముక్క నమిలాక మెత్తబడింది, ఎందుకంటే పట్టుకోవడానికి దానికి మాంసంలోని ప్రోటీను, కొవ్వు దొరికాయి. పులుసు కారం మాత్రం షిరాజ్‌తో పడలేదు, మంట రెట్టింపైంది. వాక్కాయ పులుపున్న నాలుగోది పులుసుతోనూ వంకాయతోనూ నిలబడింది. పుల్లటి వంటకు వైన్ అంతకంటే పుల్లగా ఉండాలి, లేకపోతే నీళ్లలా చప్పబడుతుంది. సంగటి ముద్ద మధ్యలో నాలుకను ఎంత చక్కగా తుడిచిపెడుతుందంటే, రుచి చూసేవాళ్లు వాడే రొట్టె ముక్క బదులు ఇకపై దీన్నే వాడాలనిపించింది. భోజనం గడిలో నాలుగోదానికి పూర్తి మార్కులు పడ్డాయి.

మిగిలిన సీసాలకు మూతలు బిగించి ఫ్రిజ్‌లో పెట్టాం.

సోమవారం

మధ్యాహ్నం రైలు. బయలుదేరే ముందు నిన్న మిగిలిన ఎర్రవాటిని తలా ఒక చెంచాడు మళ్లీ చూశాం. షిరాజ్‌లో నేరేడు వెలిసిపోయింది, మిరియం వాసన మాత్రమే మిగిలింది. సాంజోవేజే అలాగే ఉంది, కాస్త అలసినట్టుగా. చివరికి ఐదోది తీశాను. ఒక రాత్రి గాలి తగలడంతో క్యాప్సికం వెనక్కి తగ్గింది. వగరు బిగువు సడలింది, అడుగున ఉండిపోయిన పండు పైకి వచ్చింది. గ్లాసు చెల్లెలికి ఇచ్చాను. ఆమె కళ్లు మూసుకుని రెండుసార్లు వాసన చూసింది.

“నిన్న పచ్చిగా ఉండె కదన్నా, ఇప్పుడు ఎండు ఖర్జూరం వస్తోంది, కొంచెం లవంగం కూడా.”

నాకు లవంగం అందలేదు. మార్కెట్‌లో కొన్న పొట్లం వంటింట్లో ఉంటే తెచ్చి, ఒక లవంగం గిల్లి ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్లీ గ్లాసు చూశాను. ఉంది. మార్కుల కాగితంలో ఐదో వరుసలో పదమూడు కొట్టేసి పదిహేను వేశాను, పక్కన ‘ముందు రాత్రే మూత తీయాలి’ అని రాసుకున్నాను.

దొడ్డబళ్లాపురం దాటాక ఎండ తీవ్రత పెరిగింది. హిందూపురంలో ఎక్కిన ఒకామె ఒడిలో బుట్టెడు వేపపూత, పైన తడిగుడ్డ. ఉగాదికి ఇంకా వారం ఉంది.